రెండు క్లచ్చుల బండి ముందు నడిచిన రోజు

పొద్దున ఆరూ నలభై అయిదుకు మా షెడ్డు ఎదురు హోటల్లో మొదటి దోసె పెనం మీద పడింది. ఆరు గంటలకే తెరుస్తామని ఆ హోటలు బోర్డు మీద రాసి ఉండేది. ఇరవై ఏళ్ళలో ఒక్కరోజు కూడా ఆరూ నలభై అయిదుకు ముందు అక్కడ ఎవరికీ దోసె దొరకలేదు. అందుకే సమయం గురించి నాకు అనుమానం లేదు. ఆ దోసె నాదే. కారం ఇంకొంచెం పూయమని నేను చెబుతూండగా భాయ్ వచ్చి ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఊళ్ళో ఒక పెళ్ళి మెరవణి, అదే ఊరేగింపు, ఉంది. దాని గురించి మాట్లాడడానికే వచ్చాడు.

నేను ప్రొద్దుటూరులో, జమ్మలమడుగు రోడ్డు మీద, ముప్పై ఆరేళ్ళు గేర్‌బాక్సులు విప్పి బిగించాను. ఎక్కువగా లారీలవి, టిప్పర్లవి. పని లేనప్పుడు గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాలు చదివేవాణ్ణి. దానివల్ల మంచి మాటలు చాలా తెలిశాయి. ఇప్పుడు చెప్పబోయే వ్యవహారంలో అవి ఒక్కటీ అవసరానికి రాలేదు. క్లచ్ పెడల్ లేని బండి మీద డ్రైవింగ్ నేర్చుకుంటున్న మీకోసం ఇది రాస్తున్నాను. గేరు గొప్పదా, గేరు దానంతటదే పడే బండి గొప్పదా అని మీరు ఇప్పటికీ ఫోన్లలో కొట్లాడుకుంటున్నారని తెలిసింది. మేమూ కొట్లాడాం.

భాయ్ మా ఊరి మనిషే. కువైటులో పందొమ్మిదేళ్ళు ఒక పెద్ద ఇంట్లో డ్రైవరుగా చేశాడు. ఆ ఇంట్లో పదకొండు కార్లుండేవి. వాటిలో నాలుగు స్పోర్ట్స్ కార్లు. వయసు మీదపడి, ఎడమ మోకాలు అరిగి, తిరిగి వచ్చాక పులివెందుల కాంట్రాక్టరు ఒకాయన పిలిచి పనిలో పెట్టుకున్నాడు. కార్ల షెడ్డు పైన రెండు గదులు ఇచ్చాడు. భాయ్, ఆయన భార్య, మంచం దిగలేని అత్త ఆ గదుల్లో ఉండేవాళ్ళు. లారీ నడపడానికి మోకాలు ఒప్పదు, మళ్ళీ కువైటుకు పోవడానికి వయసు ఒప్పదు. ఆ పని పోతే గదులు కూడా పోతాయి. ఇది మా అందరికీ తెలుసు.

కాంట్రాక్టరుది రోడ్లు వేసే పని. బెంగళూరులో ఎవరో వాడి వదిలిన ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నాడు. రెండే సీట్లు. ఇంజను వెనక. ఆరు గేర్లు. గేరు రాడ్డు ఇనుప పలకలో కోసిన గాడుల్లో నడుస్తుంది, వేసినప్పుడల్లా టక్కుమంటుంది. తెచ్చిన మొదటి రోజు ఆయనే ఇంటి ముందర నడపబోయాడు. బండి గేటు దాటే లోపల తొమ్మిదిసార్లు ఆగిపోయింది. పదోసారి ఆయనే దిగి, భాయ్ కోసం కబురు పెట్టాడు. అప్పటినుంచి నల్లద్దాలు పెట్టుకుని పక్క సీట్లో కూర్చునేవాడు. వేగం కోసం అంత పెద్ద బండి కొని, పక్క సీటు వాడుకున్న మనిషిని నేను ఆయన్ని ఒక్కణ్ణే చూశాను.

ఒకసారి నేను కూడా ఉండగా ఆ కారు జమ్మలమడుగు అవతల ఒక స్పీడ్‌బ్రేకరు మీద పొట్ట ఆనించి కూర్చుంది. నలుగురం చెక్కలు తెచ్చి చక్రాల కింద పెట్టాం.

"ఎవడప్పా దీన్ని ఇంత ఎత్తు పోసినోడు?" అని కాంట్రాక్టరు గట్టిగా అడిగాడు.

ఆ రోడ్డు వేసింది ఆయనే. భాయ్ చెక్క సర్దుతూ, "పని మాత్రం గట్టిగా చేసినారు సార్. ఎన్నేండ్లయినా అరగదు," అన్నాడు.

రెండేళ్ళు గడిచాయి. కాంట్రాక్టరు కొడుకు బెంగళూరు నుంచి నీలం రంగు స్పోర్ట్స్ కారు ఒకటి కొత్తది తెచ్చాడు. దాంట్లో క్లచ్ పెడల్ లేదు, రాడ్డు లేదు. స్టీరింగు వెనక చెవుల్లాగా రెండు రేకులున్నాయి. కుడి రేకు వేలితో లాగితే గేరు పెరుగుతుంది, ఎడమది లాగితే తగ్గుతుంది. ఏదీ లాగకపోతే బండే చూసుకుంటుంది. లోపల క్లచ్చులు రెండు. ఒక గేరు నడుస్తుండగానే రెండో క్లచ్చు పక్క గేరును సిద్ధంగా పట్టుకుని ఉంటుంది. మనిషి పాదం చేసే పనిని కంప్యూటరు చేస్తుంది. ఇంతకంటే సాంకేతికం మీకు అవసరం లేదు. ఆ రోజుల్లో నాకూ ఇంతకంటే తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాణ్ణి.

మా జిల్లాలో దేనికైనా రెండు పార్టీలు ఉండాల్సిందే. ఎర్ర బండిని గానీ నీలం బండిని గానీ ఒక్కసారి కూడా ఎక్కనివాళ్ళందరం హోటల్లో రెండు బెంచీలుగా చీలిపోయాం. ఈ బెంచీ గేరు పార్టీ, ఆ బెంచీ రేకు పార్టీ. రేకు పార్టీకి పెద్ద రిటైరైన గుమాస్తా. ఆయనకు సైకిలు తప్ప వేరే వాహనం లేదు. గేరు పార్టీకి పెద్దను నేను.

"గేరు మార్చే సుఖం తెలీనోడు బండి నడిపినట్టా?" అని నేను అనేవాణ్ణి.

"సుఖం కాదప్పా, మోకాళ్ళ నొప్పి. దోసె రుబ్బేదానికి మిషన్ పెట్టినాడు, తింటాండావు గదా? ఆడ రుబ్బురోలు కావాలని అడిగినావా?" అని గుమాస్తా అనేవాడు.

నేను గొంతు పెంచేవాణ్ణి.

ఈ గొడవ ఎవరో పులివెందులకు మోశారు. ఒక ఆదివారం తెల్లవారి జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు రెండు బండ్లనూ పరుగెత్తించి చూద్దామన్నాడు కొడుకు. ఎర్ర బండిని భాయ్ నడిపాడు. నీలం బండి పక్క సీట్లో నేను కూర్చున్నాను. న్యాయంగా చూసి చెప్పే మనిషి కావాలని నన్ను ఎంచారు. గేరు ఎప్పుడు మారిందో తెలుసుకోవడానికి నాకు చెవి తప్ప వేరే ఆధారం దొరకలేదు. కుదుపు లేదు. మా ఊరి పొలిమేరలో ఆగి, నేను సగం సిగరెట్టు కాల్చాక ఎర్ర బండి వచ్చింది.

భాయ్ దిగి మోకాలు రుద్దుకుంటూ నవ్వాడు. "అది నాకంటే బాగ ఏస్తాది మామా, గేరు. అబద్ధమెందుకు?"

హోటల్లో నేను మాత్రం, "దగ్గర దగ్గరగానే వచ్చినాయి, మధ్యలో గొర్రెలు అడ్డమొచ్చినాయి," అని చెప్పాను. గొర్రెలు రాలేదు. న్యాయం చెప్పే మనిషిని నేను.

ఆ వారమే కాంట్రాక్టరు టిప్పరు పని మీద నా షెడ్డుకు వచ్చాడు. ఆయనవి ఎనిమిది టిప్పర్లు. అన్నీ నా దగ్గరికే వచ్చేవి. కుర్చీలో కూర్చుని మాటల మధ్యలో అన్నాడు:

"పెండ్లయినాక ఒక బండి అమ్మేస్తా మేస్త్రీ. రెండెందుకు? నీలంది ఉంచుకుంటే గేరు అదే ఏసుకుంటాది. దానికి డ్రైవరుతో ఏం పని?"

ఆ మాట భాయ్‌కు చేరవేశాను, నా బుర్రలో కూడా కూర్చుంది. భాయ్ పని, ఆ రెండు గదులు, మంచంలో ఉన్న ముసలామె, అన్నీ ఇక నీలం బండి మీద ఆధారపడ్డాయని నాకు నేనే తేల్చుకున్నాను. నీలం బండి పరువు పోతే ఎర్ర బండి నిలుస్తుంది, ఎర్ర బండి నిలిస్తే భాయ్ నిలుస్తాడు. పుస్తకాలు చదివేవాడి లెక్క ఇలాగే చక్కగా ఉంటుంది.

ఇప్పుడు మొదట చెప్పిన పొద్దుటికి వస్తాను. పెళ్ళి కాంట్రాక్టరు కొడుకుదే. పెళ్ళికూతురిది ప్రొద్దుటూరు. అంతకుముందు రాత్రే భాయ్ నీలం బండిని తెచ్చి విడిదింటి ముందర పెట్టాడు. ఇప్పుడు మొదటి బస్సుకు పులివెందుల పోయి, ఎర్ర బండిలో కాంట్రాక్టరును తీసుకురావాలి.

మెరవణిలో నీలం బండిని పెళ్ళికొడుకే నడుపుతానన్నాడు. విడిదింట్లో ఆడవాళ్ళు గొడవ చేశారు. "పెండ్లికొడుకు స్టీరింగు పట్టుకునేదేందిరా? ఊళ్ళో నవ్వుతారు," అని పెద్దమ్మ అంటే, "దీంట్లో పట్టుకునేదేముంది పెద్దమ్మా, వేలు పెడితే పోతాది," అన్నాడట.

మా వైపు మెరవణిలో బండి ముందు ఒక మనిషి నడుస్తాడు. డప్పులవాళ్ళకూ బండికీ నడుమ, ముందుకు చూస్తూ, ఎడమ చెయ్యి వీపు మీద పెట్టుకుని. అరచెయ్యి విప్పితే ఆగు. వేళ్ళు ముడిచి లాగితే రా. డప్పులకు చిందులేసి ఎగిరేవాళ్ళ మధ్య డ్రైవరుకు ఏమీ కనపడదు, ఆ చెయ్యి ఒక్కటే చూసి నడుపుతాడు. ఆ పనికి బండ్ల సంగతి తెలిసిన పెద్దవాణ్ణే పిలుస్తారు, భుజాన తువ్వాలు కప్పుతారు. ఆ సాయంత్రానికి నన్ను పిలిచారు.

భాయ్ బెంచీ మీద ముందుకు వంగి చెప్పాడు:

"మామా, ఒక మాట. అది రెండు క్లచ్చుల బండి. డప్పుల ఎంబడి పాకనీయొద్దు. పాకిందంటే లోపల రెండూ రాసుకొని కాల్తాయి. కువైట్‌లో ఒకటి ఇట్లనే పాయె. నిలబెట్టు. పది పన్నెండు అడుగులు ఖాళీ పడినాక ఒక్కసారి రమ్మను. మళ్ళ నిలబెట్టు. పెండ్లికొడుకు పండుకోనుండాడు, నేను బస్సుకు పోవాల. నువ్వే చెప్పు వానికి. చెప్పకున్నా ఏం లే, నీ చెయ్యి చాలు."

"సరేలే," అన్నాను.

"ఇంగోటి కూడా చెప్పాల నీకు..."

"భాయ్, నువ్వు గూడ ఏందప్పా ఆ బండికి ఊడిగం చేస్తాండావు?" అని నేను మొదలుపెట్టాను. గేరంటే ఏమిటి, మనిషి పాదానికీ ఇంజనుకూ ఉన్న సంబంధం ఏమిటి, అది తెంపేసినవాడు ఏం కోల్పోతాడు, అన్నీ చెప్పాను. రెండో దోసె కూడా అయిపోయింది. బస్సు హారను కొట్టింది. భాయ్ లేచి పరుగెత్తాడు, ఆ మోకాలితో.

సాయంత్రం నాలుగున్నరకు విడిది నుంచి మెరవణి కదిలింది. ఎండ ఇంకా దిగలేదు. ముందు డప్పులు, తర్వాత ఎగిరేవాళ్ళు, తర్వాత నేను, నా వెనక నీలం బండి, దాని వెనక కాంట్రాక్టరు కూర్చున్న ఎర్ర బండి. కల్యాణమండపం రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. నీలం బండికి అది కన్ను మూసి తెరిచే దూరం.

నేను పెళ్ళికొడుకుకు ఏమీ చెప్పలేదు. వీపు మీద వేళ్ళు ముడిచి, రా, రా అంటూనే నడిచాను. అరచెయ్యి విప్పలేదు. నేను నడిచిన వేగానికి బండి నా మడమల వెనకే పాకింది. చూసేవాళ్ళకు అదెంతో అందంగా ఉంది. ఒక కుదుపు లేదు. పైన మిద్దెల మీది ఆడవాళ్ళు, "ఎంత మెత్తగా పోతాందో సూడు," అన్నారు. రేకు పార్టీ గుమాస్తా అంగడి మెట్ల మీద నిలబడి నాకు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను, కుడి చెయ్యి.

ముప్పావుగంట అయ్యాక పెళ్ళికొడుకు అద్దం దించి తల బయట పెట్టాడు.

"మామా, ఏందో పసుప్పచ్చ లైటు వెలిగింది ఈడ."

"ఏం గాదులే అప్పా. ఎండకు అట్లనే వస్తాది. రా, రా."

ఇది నేను అన్న మాట. దీనికి నేను ఏ సవరణా పెట్టను.

ఇంకో పావుగంటకు ఉడికిన నూనె వాసన వచ్చింది. అప్పటికే ముప్పై ఏళ్ళుగా నేను ఆ వాసనల్లోనే బతికాను, అదేమిటో నాకు తెలుసు. బట్టల అంగళ్ళ మలుపులో బండి రెండుసార్లు వణికి, ఆగిపోయింది. ఇంజను మోగుతూనే ఉంది, బండి మాత్రం కదలదు. పెళ్ళికొడుకు కుడి రేకు లాగాడు, ఎడమ రేకు లాగాడు, చివరికి ఇంజను ఆపేశాడు. ఇంజను ఆపగానే ఆ బండి చక్రాలు వాటంతటవే బిగుసుకుంటాయి. ఆ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. డప్పులవాళ్ళు వెనక ఏమైందో చూడకుండా చాలా దూరం పోయి, ఒంటరిగా వాయిస్తున్నామని తెలుసుకుని తిరిగి వచ్చారు.

మా ఊళ్ళో ఆగిన బండికి ఒకే వైద్యం. "నెట్టండప్పా! సెకండు గేర్లో పెట్టమను, నెడితే అందుకుంటాది!" అని ఎవరో అరిచారు. పదిహేనుమంది వెనక చేరారు. సెకండు గేర్లో పెట్టడానికి రాడ్డు లేదని పెళ్ళికొడుకు చెబుతున్నా వినేవాడు లేడు. బిగుసుకున్న చక్రాలు ఈడ్చుకుంటూ బండి రెండు అడుగులు జరిగింది. వెనక ప్లాస్టిక్కు ఎక్కడో పటుక్కుమంది. ఒక డప్పులాయన, "ఏందప్పా, మా వాయింపుకు గూడ నడవల్యాకపాయె. దీనికంటే మా ముసిలోడు మేలు," అంటే అందరూ నవ్వారు. పెళ్ళికొడుకు ముఖం మీద పసుపు చెమటకు కారింది.

ఎర్ర బండి నుంచి భాయ్ కుంటుకుంటూ వచ్చాడు. "నెట్టొద్దండ్రా! చేతులు తీయండి! చక్రాలు లాకయినాయి, కనపడలేదా?" అని ఒక్కొక్కణ్ణీ లాగి పక్కకు తోశాడు. తర్వాత వంగి, బండి కింద చెయ్యి పెట్టకుండా దగ్గరగా ఉంచి వేడి చూశాడు. నా వైపు చూడలేదు.

పెళ్ళికొడుకు ఎర్ర బండిలో పక్క సీటుకు మారాడు. కాంట్రాక్టరు దిగి, నల్లద్దాలతో, డప్పుల వెనక నడిచాడు. ఆయన సొంత ఊరేగింపులో ఆయన నడవడం అదే మొదటిసారి అయి ఉండాలి. మిగిలిన దారంతా ఎర్ర బండి ముందు నేను నడిచాను. అరచెయ్యి విప్పాను, ఆపాను. పన్నెండు అడుగులు ఖాళీ పడ్డాక వేళ్ళు ముడిచాను. భాయ్ ఒక్కసారి వచ్చి, గేరు తీసి, పాదం ఎత్తి, ఆగాడు. ఎక్కడా వాసన రాలేదు. ఎలా చెయ్యాలో అలా చేశాం. అంత బాగా నేను ఎప్పుడూ ముందు నడవలేదు.

మర్నాడు హోటల్లో గేరు పార్టీ నాకు దోసెలు పెట్టించింది. గుమాస్తా రాలేదు. "మూడువందల కిలోమీటర్ల స్పీడంట, డప్పోళ్ళ ఎనక నడవనీకి చేత కాకపాయె!" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పాం. పొద్దు మధ్యాహ్నానికి తిరిగేదాకా నా షెడ్డు తలుపు తీయలేదు.

తొమ్మిదో రోజు పులివెందుల నుంచి పిలుపు వచ్చింది. టిప్పరు గురించి అనుకుని పోయాను. కాంట్రాక్టరు ఇంటి ముందర వేపచెట్టు కింద కుర్చీలు వేశారు. కాంట్రాక్టరు, కొడుకు కూర్చుని ఉన్నారు. భాయ్ నిలబడి ఉన్నాడు. నా చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చారు.

నీలం బండిని లారీ మీద బెంగళూరుకు పంపారట. అక్కడ విప్పి చూసి, రెండు క్లచ్చులూ మాడిపోయాయన్నారట.

కొడుకు భాయ్‌తో నెమ్మదిగానే మాట్లాడాడు. "బెంగళూరోళ్ళు అడిగినారు భాయ్, ఎవురు నడిపించినారు అని. అట్ల పాకిస్తే కాల్తాదని ఇట్లాంటి బండ్లు నడిపినోళ్ళందరికీ తెలుస్తాదంట. నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు భాయ్.

"కువైట్‌లో చూసినావా?"

"చూసినా."

కాంట్రాక్టరు నల్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మరి మాకు చెప్పల్యాకపోతివేం?"

భాయ్ నా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. వేపచెట్టు మొదలు వైపు చూశాడు.

"మర్చిపోయినా సార్."

"మర్చిపోయినావా, మర్చిపోవాలనుకున్నావా? ఆ బండి నిలబడితే నీ పని పోతాదని నేనొక మాట అంటి. అది మేస్త్రీ నీకు చెప్పింటాడు. ఏం మేస్త్రీ, చెప్పినావా లేదా?"

"చెప్పినా," అన్నాను. అది నిజం. ఆ చెట్టు కింద నేను చెప్పిన నిజం అదొక్కటే.

అప్పుడు నేను చెప్పవలసిన వాక్యం చాలా చిన్నది. భాయ్ నాకు చెప్పాడు, నేను చెప్పలేదు. మా భాషలో అయిదు మాటలు. ఎనిమిది టిప్పర్లు గుర్తుకొచ్చాయి. మజ్జిగలో ఉప్పు ఎక్కువైంది. తాగాను.

"నెలాఖరుకు గదులు ఖాళీ చెయ్యి," అన్నాడు కాంట్రాక్టరు. కేక వేయలేదు. కేక వేసి ఉంటే నేను నోరు తెరిచేవాణ్ణేమో అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడం లేదు.

సామాను చేరవేయడానికి లారీ నేనే మాట్లాడాను. ముసలామెను మంచంతో సహా ఎక్కించి, భాయ్ భార్యను ఆమె పక్కన కూర్చోబెట్టి, మేమిద్దరం ముందు కూర్చున్నాం. లారీ పులివెందుల దాటి చాలా దూరం వచ్చింది. కడకు నేనే మొదలుపెట్టాను.

"భాయ్, ఆ పొద్దు నేను..."

"తెలుసులే మామా."

"ఏం తెలుసు?"

"నీ చెయ్యి. ఎనక బండిలో కూచున్నా నేను. నీలం బండి అద్దాల్లో నుంచి నీ ఈపు కనపడతానే ఉండె. ఒక్కసారన్న చెయ్యి ఇప్పుతాడేమో అని చూస్తాంటి. మళ్ళ నా బండి ముందర నడిస్తివి గదా, పన్నెండడుగులు, పన్నెండడుగులు. కొలత పెట్టినట్ల. అప్పుడు అర్థమయ్యింది, చేతగాక కాదు అని."

"నీ కోసమే భాయ్. నీ పని పోతాదని."

"నన్ను అడిగినావా?"

నేను కిటికీ అద్దం దించాను.

"పెండ్లికి ముందు దినం పిల్లోడు నాతో చెప్పినాడు మామా. 'భాయ్, నువ్వు యాడికీ పోవద్దు. మా నాయన ఎర్రది అమ్ముకోనీలే. ఈ బండి సంగతి నీకు తప్ప ఈ జిల్లాలో ఎవురికీ తెలీదు, నువ్వే చూసుకోవాల,' అని. నా మోకాలికి గూడ అదే మేలు. క్లచ్ తొక్కే పని ల్యా. ఆ పొద్దు అది చెప్దామనే వస్తి నీకాడికి. నువ్వు దోసె తింటా ఉపన్యాసం ఇస్తాంటివి."

లారీ డ్రైవరు కుర్రవాడేమీ కాదు, అయినా నవ్వు ఆపుకోలేకపోయాడు. భాయ్ కూడా నవ్వాడు. ఆ నవ్వు మంచితనం వల్ల వచ్చిందని మీరు అనుకోకండి. నా ముఖం చూస్తే ఎవరికైనా వచ్చే నవ్వే అది.

"మరి ఆడ నా పేరు చెప్పకపోతివే?" అన్నాను.

"చెప్తే నీ టిప్పర్లు పోతాయి. నాది ఎట్లాగూ పోతాది. ఇద్దరివీ ఎందుకు?" అన్నాడు. మోకాలు రుద్దుకుంటూ, "నువ్వే చెప్తావని కొంచేపు చూసినా," అన్నాడు.

తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. భాయ్ లేకపోయేసరికి ఎర్ర బండిని షెడ్డులో నుంచి తీసేవాడు లేడు. కాంట్రాక్టరు ఒకరిద్దరిని పెట్టి చూశాడు. గేట్లోనే ఆగిపోయింది. దాన్ని అమ్మేశాడు. నీలం బండి బాగై వచ్చింది, కొడుకు దాన్ని బెంగళూరుకు తీసుకుపోయాడు. అక్కడ ఇప్పటికీ బాగా తిరుగుతోందని విన్నాను. గేరు కోసం నేను చేసిన యుద్ధం వల్ల మా మూడు ఊళ్ళలో ఉన్న ఒకే ఒక్క గేరు స్పోర్ట్స్ కారు వెళ్ళిపోయింది. ఈ సంగతి మొదట గమనించింది గుమాస్తానే. హోటల్లో అందరి ముందూ చెప్పాడు.

ఏడాది తర్వాత పులివెందుల పోయి కాంట్రాక్టరుకు నిజం చెప్పాను. చెప్పడానికి ముందే టిప్పర్లు వేరే షెడ్డుకు పోవడం మొదలైంది, అది కూడా చెప్పాలి. ఆయన ఫోను చూస్తూ విన్నాడు. "ఇప్పుడేందిలే మేస్త్రీ, అయిపోయిన పెండ్లికి," అన్నాడు. భాయ్‌ని మళ్ళీ పిలుస్తారా అని అడిగాను. "ఇప్పుడన్నీ వాటంతటవే నడిచే బండ్లే గదా," అన్నాడు. నాకోసం మజ్జిగ తెమ్మన్నాడు. తాగకుండా వచ్చాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

భాయ్ మా ఊళ్ళో ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాడు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన వైపున్న రెండో క్లచ్‌ను రోజంతా అదే మోకాలితో తొక్కాడు. పొద్దున హోటలుకు వచ్చేవాడు, నాతోనే తినేవాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆయనకు ఆ సంగతి తెలుసనుకుంటాను. పోయిన ఏడాది చనిపోయాడు. మట్టి వేయడానికి వచ్చినవాళ్ళలో సగంమంది ఆయన దగ్గర క్లచ్ వదలడం నేర్చుకున్నవాళ్ళే. ఆ మధ్యాహ్నం వాళ్ళలో ఒకతను నాతో, "మాకు మొదటి రోజు చెప్పేవాడు మామా, ముందర ఖాళీ చూసుకో, తర్వాతనే పాదం ఎత్తు అని," అన్నాడు. నేను అవునన్నాను.

ఇప్పుడు మా ఊళ్ళో పెళ్ళికొడుకు స్పోర్ట్స్ కార్లోనే ఊరేగుతాడు. అద్దెకు తెస్తారు. దాన్ని చక్రాల బల్ల మీదికి ఎక్కించి పూలు కట్టి, ఆ బల్లను ట్రాక్టరుతో లాగుతారు. కారు ఇంజను స్టార్టు చేయరు. బండి ముందు ఎవరూ నడవరు.